ఫెలోషిప్ సెక్షన్ తలుపుకు గడియ వేసిన సంగతి

నా పేరు, నా భర్త పేరు, ఇంటి చిరునామా పైన రాసుకున్నారు. వయస్సు యాభై ఆరు. వృత్తి పరిశోధక విద్యార్థిని. స్టేషను రైటరు గారు ముందు "గృహిణి" అని రాశారు. కొట్టివేయించాను. తర్వాత "రిటైర్డ్" అని రాశారు. అదీ కొట్టివేయించాను. మూడోసారి నేను చెప్పింది రాశారు. ఆ మాట నిజమా కాదా అన్నదే ఈ గొడవంతా కాబట్టి మొదటే స్పష్టం చేస్తున్నాను.

గడియ వేసింది నేనే. దాన్ని ఎవరూ రుజువు చెయ్యనక్కర్లేదు. ఎందుకు వేశానో చెప్పమన్నారు కాబట్టి మొదటి నుంచి చెబుతున్నాను. మధ్యలో "క్లుప్తంగా చెప్పండమ్మా" అనవద్దని మనవి. ఈ వారమంతా అందరూ నాతో అదే అన్నారు.

నేను పెద్దాసుపత్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చాలా ఏళ్ళు పనిచేశాను. "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అనే యంత్రం వచ్చాక మమ్మల్ని ఇళ్ళకు పంపేశారు. ఉద్యోగం చేస్తూనే దూరవిద్యలో బి.ఏ., ఆ తర్వాత భాషాశాస్త్రంలో ఎం.ఏ. చదివాను. ఆసుపత్రికి ఫోన్ చేసేవాళ్ళు తమ మనిషి బతికి ఉన్నాడా అని ఎప్పుడూ అడగరు. "మా నాన్న టిఫిన్ తిన్నాడామ్మా?" అంటారు. "ఏడో నంబరు మంచం మీద ఎవరన్నా ఉన్నారా?" అంటారు. ఒకావిడ రోజూ ఫోన్ చేసి "రాత్రి కిటికీ వేశారా? ఆయనకు చలి పడదు" అని అడిగేది. ఒకరోజు నేను వేశామని చెప్పలేకపోయాను. ఆవిడ "సరేనమ్మా" అని పెట్టేసింది. అలాంటి మాటల మీద పీహెచ్‌డీ చేస్తానని దరఖాస్తు పెట్టుకున్నాను. ఇది కేసుకు సంబంధం లేదని రైటరు గారు అంటున్నారు. ఉంది. రాయండి.

ఈ ఏడాది భాషాశాస్త్ర శాఖకు విశ్వవిద్యాలయం ఇచ్చింది ఒకే ఒక్క ఫెలోషిప్. నాలుగేళ్ళ పాటు నెలనెలా భృతి, లైబ్రరీ, కూర్చోవడానికి ఒక బల్ల. పరీక్ష రాశాను. ఇంటర్వ్యూకు వెళ్ళాను. జాబితాలో మొదటి పేరు నాదే వచ్చింది. ఈ శుక్రవారం సాయంత్రం ఐదు గంటల లోపు అభ్యర్థి స్వయంగా హాజరై చేరాలి. చేరకపోతే ఆ సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్నవారికి పోతుంది.

సోమవారం ఉదయం మా అమ్మాయి సెలవు పెట్టి నన్ను స్కూటరు మీద తీసుకెళ్ళింది. ఫెలోషిప్ సెక్షన్ పరిపాలన భవనం రెండో అంతస్తులో ఉంది. పొడుగాటి గది, నాలుగు బల్లలు, ఒకటే తలుపు. సూపరింటెండెంటు గారు మా అమ్మాయిని చూసి, "రామ్మా, కూర్చో. ఏ శాఖ?" అన్నారు.

"నేను కాదండీ, మా అమ్మ."

"అమ్మగారిని బయట బెంచీ మీద కూర్చోమను. స్కాలర్ ఒక్కరే లోపలికి రావాలి."

"స్కాలరే మా అమ్మండీ."

ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. సోమవారం నేను నవ్వానన్న సంగతి కూడా రాసుకోండి, మొదటి నుంచీ గొడవకు దిగానని ఫిర్యాదులో ఉంది.

కంప్యూటరులో నా వివరాలు ఎక్కించాలన్నారు. అందులో పుట్టిన సంవత్సరాల పట్టీ ఒకటి ఉంటుంది, దాన్లోంచి మనది ఎంచుకోవాలి. నాది అందులో లేదు. నాకన్నా పన్నెండేళ్ళు చిన్నవాళ్ళ దగ్గరే ఆ పట్టీ ఆగిపోయింది. అంతకు ముందు పుట్టినవాళ్ళు చదువుకోరని దాన్ని తయారుచేసినవాళ్ళు అనుకున్నట్టున్నారు. కంప్యూటరు ఆపరేటరు, "ఇప్పటికి ఇందులో ఆఖరిది పెట్టేస్తానండీ. తర్వాత మార్చుకోవచ్చు" అన్నాడు. వద్దన్నాను. నేను వద్దంటుండగానే నొక్కేశాడు.

మంగళవారం వెళ్ళేసరికి సూపరింటెండెంటు గారు నా కాగితాలు ముందు పెట్టుకుని ఉన్నారు.

"సర్టిఫికెట్లో ఒక సంవత్సరం, కంప్యూటర్లో ఒక సంవత్సరం. ఇద్దరూ ఒకరేనని ఏమిటమ్మా గ్యారంటీ?"

"అది పెట్టింది మీ ఆపరేటరే కదండీ. నేను వద్దన్నాను కూడా."

"మీరు చెప్పకుండా ఆయనకెలా తెలుస్తుంది?"

ఆపరేటరు వైపు చూశాను. అతను తల ఎత్తలేదు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుంది వీళ్ళ వ్యవహారం. ఆ ఎద్దును తెచ్చినవాళ్ళే మళ్ళీ దూడకు సర్టిఫికెట్ అడుగుతున్నారు. సవరించమంటే, సవరించే అధికారం పై ఆఫీసుకు ఉందన్నారు. పై ఆఫీసుకు వెళ్తే, కింది నుంచి రాసి పంపాలన్నారు. కిందికి వస్తే సూపరింటెండెంటు గారు భోజనానికి వెళ్ళారు.

బుధవారం సూటిగా అడిగాను. "నోటిఫికేషన్లో వయోపరిమితి ఏమన్నా ఉందాండీ?"

"లేదు."

"మరి?"

"వయోపరిమితి లేదంటే ముప్పై అయిదో నలభయ్యో దాటినవాళ్ళు కూడా రావచ్చని అర్థమమ్మా. మరీ ఇలా అని కాదు."

"మరీ ఎలా అని?"

టీ తెప్పించారు. తమ అత్తగారిదీ నా వయసేనని, హాయిగా మనవలతో కాలక్షేపం చేస్తున్నారని చెప్పారు. నాకింకా మనవలు లేరన్నాను. "అయ్యో" అన్నారు. చివరకు, ఇంటర్వ్యూ చేసిన ప్రొఫెసరు గారు "ఈమే ఆమె" అని ధ్రువీకరించాలన్నారు.

గురువారం ఆ ప్రొఫెసరు గారు, అంటే మా గైడు మేడం, పాఠం ఆపుకుని నాతో వచ్చారు. ఆవిడ నాకన్నా చిన్న. "ఇంటర్వ్యూ చేసింది నేనండీ. ఈవిడే ఆవిడ" అన్నారు. "మీరు చెప్పాక కాదంటానా మేడం!" అని లేచి నిలబడ్డారు సూపరింటెండెంటు గారు. మేడం క్లాసుకు వెళ్ళాక, "నోటిమాటగా చెప్పారు, రాతపూర్వకంగా కావాలి" అన్నారు. రాయించుకొచ్చాను. "శాఖ ముద్ర ఏదీ?" అన్నారు. ముద్ర ఉన్న బీరువా తాళం పట్టుకుని ఉద్యోగి బయటికి వెళ్ళాడు. ఆయన తిరిగొచ్చే వేళకు సెక్షన్ మూసేశారు.

ఆ సాయంత్రం మా ఆయన, "వాళ్ళకు నువ్వు ఇష్టం లేదు. అర్థం కావట్లేదా నీకు?" అన్నారు.

"ఇష్టం లేదని ఒక్కరూ అనరే! అంటే దెబ్బలాడి వచ్చేదాన్ని. 'కూర్చోండమ్మా, టీ తాగండమ్మా' అంటారు. టీతో ఏం దెబ్బలాడను?" అన్నాను. గట్టిగానే అన్నాను. శుక్రవారం పొద్దున లేచేసరికి నా బట్టలు ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టి ఉన్నాయి.

శుక్రవారం, అంటే ఈ రోజు, ముద్ర వేసిన కాగితంతో సెక్షన్ తెరవక ముందే వెళ్ళాను. తీసుకుని, "కూర్చోండి, పిలుస్తాం" అన్నారు. బయట బెంచీ మీద కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా పిలవలేదు. రెండుసార్లు లోపలికి వెళ్ళి అడిగితే, "మీ పనే నడుస్తోంది" అన్నారు. నా కాగితం మాత్రం పెట్టినచోటే ఉంది. దాని మీద టీ గ్లాసు ఉంది.

భోజనాల వేళ దాటాక ఒక అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. పాతికేళ్ళుంటాయి. బిస్కెట్ల పొట్లం విప్పి, "తీసుకోండమ్మా, పొద్దున్నుంచీ కూర్చున్నట్టున్నారు" అంది. తీసుకున్నాను. ఆకలిగా ఉంది. ఏం పని మీద వచ్చావని అడిగాను.

"ఫెలోషిప్పండీ. మూడేళ్ళ నుంచి రాస్తున్నా. ఈసారి రాకపోతే చదువు మాట ఎత్తొద్దన్నాడు మా అన్నయ్య. నాది వెయిటింగ్ లిస్టు. మొదట ఎవరో పెద్దావిడకొచ్చిందటండీ, పాపం ఆవిడ చేరడం లేదట. ఐదు దాటాక రమ్మన్నారు. నేనే ఆగలేక ముందే వచ్చేశా."

"ఆవిడ చేరడం లేదని ఎవరు చెప్పారమ్మా?"

"సూపరింటెండెంటు సారే ఫోన్ చేశారండీ, బుధవారం."

బుధవారం. నాకు టీ తెప్పించిన రోజు.

"ఆ పెద్దావిడను నేనే" అన్నాను. బిస్కెట్టు ఇంకా నా నోట్లోనే ఉంది. ఆ అమ్మాయి పొట్లం మూసేసింది, మళ్ళీ తెరిచింది, ఏం చెయ్యాలో తెలియక నా ఒళ్ళో పెట్టేసింది. అంత కోపంలోనూ నాకు ఆ పిల్ల మీద కోపం రాలేదు. దాని తప్పేముంది?

నాలుగున్నరకు లోపలికి వెళ్ళాను. ఆ అమ్మాయీ నా వెనకే వచ్చింది. సూపరింటెండెంటు గారు సొరుగుకు తాళం వేస్తున్నారు.

"సర్వర్ పనిచెయ్యట్లేదమ్మా. సోమవారం రండి."

"సోమవారానికి గడువు ఉండదు కదండీ."

"అప్పుడు చూద్దాం లెండి."

"ఈ అమ్మాయిని ఇవాళ ఐదు దాటాక ఎందుకు రమ్మన్నారు? అప్పటికి సర్వర్ బాగవుతుందా?"

ఆయన నా వైపు కాక ఆ అమ్మాయి వైపు చూశారు. తర్వాత అందరితో, "పదండి, మూసేద్దాం" అన్నారు.

అప్పుడు వెళ్ళి తలుపు వేసి గడియ పెట్టాను. ఒక కుర్చీ లాక్కుని తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాను. ఎవరినీ నెట్టలేదు, తిట్టలేదు. "ఐదు దాకా నేను ఇక్కడే ఉంటాను. మీరూ ఉంటారు. నేను రాలేదని రాయదలిస్తే నా కళ్ళ ముందు రాయండి" అన్నాను. ఒక ఉద్యోగిని బాత్రూముకు వెళ్ళాలంటే గడియ తీసి పంపాను. ఆవిడ తనంతట తనే తిరిగొచ్చి మళ్ళీ లోపల కూర్చుంది. ఏమవుతుందో చూడాలనుకుందట. నిర్బంధించారని ఫిర్యాదులో ఆవిడ పేరు కూడా ఉంది.

సూపరింటెండెంటు గారు పోలీసులకు ఫోన్ చేశారు. చేసి, ఆ అమ్మాయితో, "చూస్తావేంటి, వెళ్ళి గడియ తియ్యి. పోయేది నీ సీటే" అన్నారు.

ఆ అమ్మాయి లేచి నా దగ్గరికి వచ్చింది. మగవాళ్ళెవరైనా వస్తే ఏం చెయ్యాలో అనుకుని ఉన్నాను గానీ, ఆ పిల్ల వస్తుందని అనుకోలేదు. అది చెయ్యి చాపితే అడ్డుపడలేను. దారి ఇవ్వడానికి కాళ్ళు ముడుచుకున్నాను. అది నిజం. నా పంతం అక్కడితో అయిపోయింది.

ఆమె గడియ ముట్టుకోలేదు. వెనక్కి తిరిగి, "సార్, ఆవిడ చేరడం లేదన్నారు. వచ్చి కూర్చున్నారు కదా" అంది. అని నా కుర్చీ పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. కాసేపటికి ఏడ్చింది. దాని బిస్కెట్లే దానికి ఇచ్చాను.

ఐదు దాటాక ఎస్సై గారు వచ్చారు. నేనే గడియ తీశాను.

స్టేషనులో సూపరింటెండెంటు గారు ఫిర్యాదు రాసిచ్చారు. ముందు "ఎవరో గుర్తు తెలియని మహిళ" అని రాశారు. ఎస్సై గారు చదివి, "ఎదురుగా కూర్చున్న మనిషి గుర్తు తెలియకపోవడమేంటండీ? వారం రోజులు మీ ఆఫీసుకే వచ్చారంటున్నారు. పేరు లేకుండా కేసు ఎవరి మీద కట్టమంటారు?" అన్నారు. అప్పుడాయన కొట్టేసి నా పూర్తి పేరు రాశారు. "ఫెలోషిప్‌కు ఎంపికైన ఫలానా అభ్యర్థిని శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు సెక్షన్‌కు వచ్చి, ఐదు దాటేవరకు కదలక, సిబ్బందిని నిర్బంధించినది" అని రాసి, సంతకం పెట్టి, ఆఫీసు ముద్ర కూడా వేశారు.

అది నాకు చదివి వినిపించారు. మళ్ళీ చదవమన్నాను. వారం రోజులుగా నేను ఆయన్ని అడిగింది అంతే. నేనే నేనని, గడువులోగా స్వయంగా హాజరయ్యానని రాసి, సంతకం పెట్టి, ముద్ర వెయ్యమన్నాను. ఆయన స్వహస్తాలతో అది రాసిచ్చారు. ఆ ఫిర్యాదు నకలు ఒకటి నాకు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. గడియ వేసినందుకు చట్టప్రకారం ఏ శిక్ష ఉంటే అది వెయ్యండి. నకలు మాత్రం ఈ పూటే ఇవ్వండి. విశ్వవిద్యాలయం పెద్దల దగ్గరికి సోమవారం అది పట్టుకునే వెళ్తాను. మా గైడు మేడం తోడు వస్తానని ఫోన్లో చెప్పారు.

ఆ అమ్మాయి స్టేషను వరండాలో కూర్చుని ఉంది. ఇంటికి పొమ్మంటే పోవడం లేదు. సాక్షిగా తన మాట కూడా రాసుకోమంటోంది. "నువ్వు సాక్ష్యం చెబితే నీకు ఈ సీటు రాదమ్మా, తెలుసా?" అని అడిగాను. "తెలుసండీ" అంది. ఆమె వాంగ్మూలం కూడా తీసుకోవాలి. ఒక్క కుర్చీ వేసి ఇద్దరిని నిలబెట్టింది మేము కాదు. నేను గెలిచినా ఆ పిల్ల వాళ్ళ అన్నయ్యకు ఏం చెప్పుకుంటుందో నాకు తెలియదు. ఇది కూడా కేసుకు సంబంధం లేదని రైటరు గారు అంటున్నారు. రాయండి.

ఇందులో ఉన్నవన్నీ నేను చెప్పిన మాటలే, జరిగిన సంగతులే. ఎవరి బలవంతమూ లేదు. చదివి వినిపించారు. నేనూ చదువుకుని రెండు అక్షర దోషాలు దిద్దించాను. రైటరు గారు అలవాటు చొప్పున వేలిముద్రకు ఇంకు పెట్టె నా ముందుకు జరిపారు. పెన్ను అడిగి తీసుకున్నాను.

(సంతకం)