పాట అయ్యాకే మోటారు

హలో… ఆ, నేనేరా సాయికిరణ్, బాబూరావు మావయ్యని. డ్యూటీలో ఉన్నావా?…

ఆ, ఇందిరత్తకి ఆపరేషను బాగానే అయింది. పొద్దున్నే గుంటూరు నించి వచ్చాం… పడుకుంది. దానికింకా చెప్పలా.

మిరప నారు పోయిందిరా.

…ఒక మడి కాదు, మొత్తం. ముట్టుకుంటే పొడుమైపోతంది.

ఏంది?… తెగులు కాదు, నీళ్ళు లేక. మోటారు దానంతటదే ఎయ్యటానికి నువ్వు పెట్టిన పెట్టె ఐదు రోజుల్నించి మోటారే ఎయ్యలా.

— కరెంటుంది. బోరులో నీళ్ళూ ఉన్నయ్. పెట్టె మీద ఎర్రలైటు ఆరి ఆరి వెలుగుతంది…

మెసేజీనా? రాలా. రాకపోతే అంతా సవ్యంగా ఉన్నట్టే అనుకున్నా… ఆ, రోజూ నీళ్ళు పెట్టటం 'అయిపోయింది' అని వస్తదని చెప్పావులే. ఆసుపత్రి గొడవలో అది గుర్తుంటదా?

పొద్దున్నే దేవుడి పాట పెట్టే మైకు సెట్టా?…

…దాని ప్లగ్గు పీకింది నేనే.

ఎందుకేందిరా! మేం బయల్దేరే రోజునే గదా పక్కింటి గఫార్ బావ పోయింది. అక్కడ జనాజా లేస్తంటే ఇక్కడ మన మైకు మోగిద్దా? పీకేసి, నేనూ ఓ భుజం పట్టి, అట్నించటే బస్సెక్కాం. ఆపరేషను తారీఖు ఇచ్చారాయె.

…

అంటే… పాట అయిపోయిందని దానికి తెలిస్తేనే మోటారు ఎయ్యిద్దా? అందాకా అట్లా కాచుకోని కూచుందా, ఐదు రోజులూ?

…లేదులే, నీ తప్పేం లేదు. మోటారే ముందు పెడదామని నువ్వన్నావ్. ముందు దేవుడి పాట, తర్వాత మోటారు, ఆ తర్వాతే మడులకి నీళ్ళు అని పట్టుబట్టింది నేను.

మళ్ళీ పోస్తే నలభై రోజులు. అదను దాటిపోద్ది… ఎక్కడ కొంటాంరా? సత్తెనపల్లి దాకా ఫోన్లు చేశా. ఎవరి దగ్గరా లేదు. ఈ ఏడు చేను బీడే.

సాయీ, దేవుణ్ణి ముందు పెట్టటం తప్పా? పోయిన మనిషికి మర్యాద ఇయ్యటం తప్పా? రెండిట్లో ఏది తప్పురా?…

పోనీలే. నీకేం తెలుసు.

ఆఁ… ఇప్పుడు ప్లగ్గు పెట్టాలా? పెట్టి ఏం చేసుకోను?… సరే, ఉండు. పెట్టా… పచ్చలైటొచ్చింది. పాట వినపడతందా?

ఇందాక గఫార్ బావ భార్య, హలీమా అక్క, గోడ దగ్గరికొచ్చింది. 'పాట ఎందుకాపావు తమ్ముడూ, మీ బావ రోజూ దానికే లేచేవాడు' అంది…

 

అదిగో, అయిపోయింది పాట. మోటారెక్కింది… మొదటి మడిలో పడతన్నయ్… ఇప్పుడు రెండో మడి… ఒకదాని తర్వాత ఒకటి, నువ్వు రాసినట్టే, పొల్లు పోకుండా…

ఆపమంటావా?… ఎట్లా ఆపాల?…

— ఉండు. పెట్టేస్తన్నా సాయీ. మీ అత్త లేచింది. నీళ్ళ చప్పుడు విని, నారు ఎంత ఎత్తొచ్చిందని అడుగుతంది.