మరిది మాత్రల డబ్బా

స్కాన్ గది బయట బల్ల మీద తోడికోడళ్ళిద్దరూ కూర్చున్నారు. చిన్నామె ఒళ్ళో పసిబిడ్డ, చేతిలో భర్త రిపోర్టు ఉన్నాయి.

“గుండె రక్తనాళాల్లో కాల్షియం పేరుకుందట అక్కా. రోజూ రెండు గ్లాసుల పాలిచ్చాను. నా వల్లేనా?”

“పాలకీ దానికీ సంబంధం లేదన్నాడుగా డాక్టరు. బీపీ, షుగరు, సిగరెట్లు, వంశం, ఇవీ కారణాలు.”

“సిగరెట్లు ఊదేది బావగారు. ఆయన స్కాన్‌లోనేమో కాల్షియం సున్నా అని వచ్చింది! అన్నీ మీకే కలిసొస్తాయి.”

“ఆ ఏడుపు తర్వాత ఏడుద్దువుగానీ, మీ ఆయనకి నాలుగేళ్ళుగా షుగరుంది.”

“నాకు తెలీకుండానా?”

“నీకు చెప్తే బెంగతో తిండి మానేస్తావన్నాడు. మాత్రలు మా ఇంట్లో పెట్టుకున్నాడు.”

“అయితే రోజూ పొద్దున్నే వచ్చేది నీ కాఫీ కోసం కాదా?”

“నా కాఫీ మీ బావగారే తాగలేరు.”

“మరి నేను గొడవపడి మీ ఇంటికి రావడం మాన్పించాక?”

“డబ్బా అలాగే ఉంది. వేసుకుంటున్నావా అంటే, వేరేది కొనుక్కున్నానన్నాడు. నమ్మాను.”

చిన్నామె బిడ్డను గుండెలకు హత్తుకుంది.

“తెచ్చావా?”

“ఇదిగో, సంచిలోనే ఉంది.”

“ఇటివ్వు. డాక్టరుకి చూపిస్తాను. ఇకనుంచి నా ఎదురుగానే మింగుతాడు. నువ్వు మాత్రం వేసుకున్నావా అని అడక్కు అక్కా. అది నేనడగాలి.”