దొడ్డి తలుపున వచ్చి, పెద్ద దర్వాజల పోయిన పెంటమ్మ

అవ్వలార, అక్కలార, అన్నలార. పాస్టర్ అయ్యగారికి, సర్పంచ్ గారికి, మొయినాబాద్ నుంచి, చేవెళ్ల నుంచి ఎండల సైకిళ్లు తొక్కుకుంట వచ్చిన విద్యార్థి సోదరులకు నమస్కారం. బడి ముందటి ఈ జాగ మీటింగులకు అలవాటైన జాగనే. పోయిన యాడాది, అరవై తొమ్మిదిల, తెలంగాణ రాష్ట్రం కావాలని ఇక్కడ మైకులు మోగినయి, జెండాలు లేసినయి, బడికి తాళం పడ్డది. ఇయ్యాల మైకు లేదు. నడుమ ఒక పెట్టె ఉన్నది. పెట్టెల మన పెంటమ్మ అవ్వ ఉన్నది.

నా పేరు గిద్యోను. ఈ బడిల పంతుల్ని, అవ్వ ఉన్న వాడనే నాది. సంతాప సభల మాట్లాడెటోడు నిమ్మలంగ మాట్లాడాలంటరు. నాతోని అయితలేదు. ఎందుకైతలేదో ముందే చెప్త.

సభ అయిపోంగనే పెట్టె లేపాలె. ఊరి అవతల సమాధుల తోటకు పోవాలె. పెద్ద బజార్లకెళ్లి పోతె దగ్గర. కాని మా వాడ పీనుగ ఇప్పటిదాక పెద్ద బజారు తొక్కలేదు. వాగు పొంటి, ముండ్లల్ల, చుట్టు తిరిగి పోవాలె. మా తాత అట్లనే పోయిండు. మా నాయిన అట్లనే పోయిండు. నిన్న అవ్వ పానం పోయినంక ఆమె కొడుకు స్వామిదాసు పోయి హన్మయ్య పటేల్‌ను అడిగిండు, మా అవ్వను బజార్లకెళ్లి తీస్కపోతమని. ఆలోచించి చెప్తనన్నడు పటేల్. ఇప్పుడు పటేల్ గారు అగో, బడి గోడ నీడల కుర్చీల కూసున్నరు. ఇంక ఆలోచిస్తనే ఉన్నరు. నా గొంతు నిమ్మలంగ ఎట్లుంటది?

బయటి నుంచి వచ్చినోళ్లకు పెంటమ్మ ఎవరో తెల్వాలె గద. మంత్రసాని. ఆమెకంటె ముందు పుట్టిన పిల్లలు దక్కలేదని, ఈమె పుట్టంగనే చాటల పెట్టి పెంట మీద పండుకోబెట్టి, మళ్ల ఎత్తుకొచ్చుకున్నరు. అందుకే పెంటమ్మ. చర్చిల బాప్తిస్మమిచ్చి మేరీ అన్నరు. ఆదివారం మేరీ, తతిమ్మ దినాలు పెంటమ్మ. ఎట్ల పిలిచినా పలికింది. ఈ ఊర్ల నా ఈడు వాళ్లం, నాకంటె చిన్నోళ్లం, అందరం ఆమె చేతుల్ల పడ్డోళ్లమే. మీదేం కులమని ఆ చేతులు ఎవ్వరిని అడగలే.

ఇండ్లు మాత్రం అడిగినయి. పెద్ద బజార్ల ఏ కోడలికి నొప్పులొచ్చినా పెంటమ్మ దొడ్డి తలుపున రావాలె. గొడ్ల కొట్టంలకెళ్లి లోపటికి పోవాలె. బిడ్డను తియ్యాలె, బొడ్డు కొయ్యాలె, మాయను బొందపెట్టాలె, మళ్ల దొడ్డి తలుపుననే పోవాలె. ఆమె పోంగనే ఆమె కూసున్న జాగ, నడిచిన జాగ పేడనీళ్లతోని అలుకుతరు. బిడ్డ మంచిదే. ఆ బిడ్డను ఎత్తిన చేతులే మైల. ఇది తప్పని ఎవరికన్న అనిపించిందా? ఎవరి దాకనో ఎందుకు, చానా ఏండ్లు మా వాడోళ్లకే అనిపించలేదు.

పోయిన యాడాది ఇక్కడనే పెద్ద మీటింగైంది. హన్మయ్య పటేల్ మంచి మాటకారి, అది నేను కాదంటలేను. ఆ దినం ఆయన ఏమన్నడో మీకు యాది ఉన్నదా? మన ఇంట్ల మనమే దొడ్డి తలుపు మనుషులమైనం, ఇగ నుంచి పెద్ద దర్వాజల నడుస్తం అన్నడు. కొలువులు మనయి, నీళ్లు మనయి, ఇల్లు మనది అన్నడు. చేతులు నొచ్చేదాక చప్పట్లు కొట్టినం. ఆడోళ్ల నడుమ కూసోని పెంటమ్మ కూడ కొట్టింది. మేమందరం అది ఉపన్యాసం అనుకున్నం. ఆమె, పటేల్ మాటిచ్చిండు అనుకున్నది. మీటింగ్ల మాట వేరే, ఇంట్ల మాట వేరే అని ఆమెకు ఎవరు చెప్పాలె?

తర్వాత కొన్ని దినాలకే పటేల్ కోడలికి నొప్పులొచ్చినయి. బంద్ నడుస్తున్నది, బస్సుల్లేవు, మెహిదీపట్నం పోయే తొవ్వ లేదు. పెంటమ్మ దొడ్డి తలుపుననే పోయింది. లోపట ఆడపిల్ల అరుస్తుంటె గడప కాడ నిలబడి పంచాయితి పెట్టే మనిషి కాదామె. బిడ్డ అడ్డం తిరిగింది. కష్టమైంది. పొద్దుగూకే యాళ్లకు తల్లి, పిల్ల ఇద్దరు దక్కిన్రు. పిల్లను పటేల్ తల్లి సంగమ్మ ఒళ్లె పెట్టింది పెంటమ్మ. చేతులు కడుక్కున్నది. కొంగు దులుపుకున్నది. దొడ్డి దిక్కు పోలే. నడింట్లకెళ్లి నడిచింది. పెద్ద దర్వాజ గడప దాటింది. అరుగు మీద పటేల్, ఉద్యమం పెద్దమనుషులు చాయ్ తాగుతున్నరు. వాళ్ల ముందట్నే అరుగు దిగి, బజార్ల నిలబడి, ఎనుకకు తిరిగి అన్నది: "మీరు చెప్పిన్రు గద పటేలా, ఇగ పెద్ద దర్వాజల నడుస్తమని. నడిచిన."

గంతే. లొల్లి లేదు, శాపనార్థం లేదు.

ఆ మాటకు ఊరు ఆమెను పిలుచుడు బంద్ పెట్టింది. కల్లం కాడ ఆమెకు రావాల్సిన గింజలు రాలే. పొరుగూరి నుంచి మంత్రసాని బీరమ్మను పిలిపించుకున్నరు. బీరమ్మ వచ్చింది, కాన్పు చేసింది, ఆమె గూడ పెద్ద దర్వాజలకెళ్లే పోయింది! ఇద్దరు ఎక్కడ కలిసిన్రో, ఏం మాట్లాడుకున్నరో దేవునికే ఎర్క. నవ్వుండ్రి, ఫికర్ లేదు. పెంటమ్మ కూడ ఇది చెప్పుకుంట మస్తు నవ్వేది.

ఇంకొకటి చెప్పి ముగిస్త. మొయినాబాద్‌ల గుంటూరు దిక్కు గుమస్తా ఒకాయన కిరాయికుండె. ఆంధ్రోళ్లు పోవాలె అని మన పోరగాండ్లు ఆ ఇంటి ముందట నినాదాలిస్తున్నరు. లోపట ఆయన భార్యకు నొప్పులు. పెంటమ్మకు కబురొచ్చింది. నడుసుకుంట పోయింది, గుంపుల జొరబడ్డది. ముందట మన ఊరి పోరగాండ్లే నిలబడ్డరు. ఆమె వాళ్లతోని అన్నది: "మిమ్ముల బయటికి తీసింది నేనే బిడ్డా. జర చుప్ ఉండుండ్రి, ఇంకొకలు వస్తున్నరు." పోరగాండ్లు సిగ్గుపడి చెదిరిపోయిన్రు. ఒకడైతే నీళ్లు తోడిపెట్టిండు. వాపసొచ్చినంక నేను అడిగిన, ఎట్లైంది అవ్వా అని. కాన్పు సంగతి చెప్తదనుకున్న. "ఆ ఇల్లు మంచిగున్నది పంతులు, దానికి ఒకటే దర్వాజ" అన్నది.

నేను ఉద్యమాన్ని తక్కువ చేస్తలేను. నినాదాలిచ్చినోణ్ణి, లాఠీ దెబ్బ తిన్నోణ్ణి. రేపు పిలిస్తె మళ్ల పోత. కాని ఆ ఒక్క మాట నన్ను పండనిస్తలేదు. మనం అడిగే రాష్ట్రం రేపొస్తది, ఎల్లుండొస్తది. ఆ ఇంటికి ఎన్ని తలుపులు పెడ్తం? మా వాడోళ్లం ఏ తలుపున రావాలె?

పాస్టర్ అయ్యగారు, మీకూ ఒక మాట. పరలోకం పోయే ఆత్మకు ఏ బాటైతేంది అన్నరు నిన్న. ఆత్మకు ఏ బాటైనా సరే అయ్యా. పెట్టె మోసెటోళ్లకు భుజాలుంటయి, కాళ్లుంటయి. వాళ్లు ఈ ఊర్లనే బతకాలె.

పటేల్ గారు, మీతోని తగాద పెట్టుకుంటలేం. మీరు ఇంక ఆలోచిస్తుంటె ఆలోచించుండ్రి. కాని మేం వాగు బాట పట్టం. మీ అమ్మ సంగమ్మ అవ్వ ఆ దినం పుట్టిన మునిమనుమరాలిని సంకనేసుకొని అగో, ఆడోళ్లల్ల కూసున్నది. ఊరి మీటింగుకు ఆమె రాంగ నేనెన్నడు చూడలే. ఎవ్వరు పిలువకున్న వచ్చింది. ఆమెను జూస్తె నాకు ధైర్యమొస్తున్నది. మీక్కూడ ఆ ధైర్యం రావాలని నా ఆశ.

అన్నలార, అవ్వలార. ఆమె చేతుల్ల పడ్డనాడు మనమందరం ఏడ్చుకుంటనే పడ్డం. మనం ఏడిస్తె ఆమెకు పానం నిమ్మలపడ్డది, బిడ్డ బతికిందని నవ్వింది. ఇయ్యాల ఆమె కోసం జరసేపు నోరు మూసుకుందాం. ఆమె ఎత్తిన ప్రతి మనిషి, ఏ వాడోడైనా, ఏ బజారోడైనా, తల వంచి, లేచి నిలబడుండ్రి.

మౌనం అయిపోయినంక మాత్రం మళ్ల కూసోవద్దు. పెద్ద బజార్లకు నడువుండ్రి.