కొలను దగ్గరి స్పీకరు పనిచేస్తూనే ఉంది

ఏదీ, నీ ఫోన్లో ఆ ఒక్కటీ మళ్ళీ చదువు. అది కాదు, దాని పైది. ఎలక్ట్రీషియను గురించి రాశాడే, అది. "ఎవడో సోమరి ఎలక్ట్రీషియను బాగుచెయ్యకుండా వదిలేసిన స్పీకరుకి మీరంతా కలిసి గుడి కడతామంటున్నారు." సోమరి అన్నాడా? అనే రాశాడూ. కింద ఎంతమంది నవ్వారన్నావు? రెండొందల మందా. సరే, నవ్వనీ. ఆ టీవీ మోతలో పొరపాటున విన్నానేమో అనుకుని మళ్ళీ అడిగాను. మీ తాతయ్యకి చెవులు తగ్గేకొద్దీ టీవీకి గొంతు పెరుగుతోంది. ఉండనీలే, ముందుగదిలో ఆయన వార్తలు ఆయన్ని విననీ. ఈ మాట ఆయన చెవిన పడకపోవడమే మేలు, తమ్ముణ్ణి సోమరి అన్నారని తెలిస్తే ఆ రెండొందల మంది ఇళ్ళకీ చేతికర్ర పట్టుకుని బయల్దేరతారు. నేనెప్పుడూ ఎవర్నీ ఒక్క మాట అనలేదు తల్లీ, నీకు తెలుసుగా. దేవుడు నోరిచ్చింది తన పేరు తలుచుకోమని, ఒకళ్ళని ఆడిపోసుకోమని కాదు అనుకునేదాన్ని. కానీ ఇవాళ అనాలనే ఉంది. ఆ సోమరి ఎవరనుకున్నావు? మీ చిన్న తాతయ్య. నా మరిది. నువ్వు పుట్టకముందే పోయాడు. ఆ గోడ మీది ఫొటోలో, జేబులో టెస్టరు పెట్టుకుని, ఫొటో తీసేవాణ్ణి కాకుండా వాడి వెనకాల దీపాన్ని చూస్తూ నిలబడ్డాడే, వాడు.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికి వాడికి ఎనిమిదేళ్ళు. మా అత్తగారు నా చేతికి మొదట ఇచ్చింది తాళాలు కాదు, వాణ్ణి. "వీడికి తలంటు, వీడు నా మాట వినడు" అన్నారు. నా మాట విన్నాడా అంటే, వినేవాడు, వినబడితే. నా గొంతు సంగతి తెలిసిందేగా. అప్పటినుంచీ ఇంతే. వాడు నన్ను ఏడిపించేవాడు, "వదిన మాట వినాలంటే ముందు ఊరంతా నోరు మూసుకోవాలి" అని. అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. ఏదో చెప్పబోయాను, ఆఁ, కొలనున్న ఆ ఆటల పార్కు. పార్కు కట్టిన కొత్తలోనే వాడికి అందులో ఉద్యోగం వచ్చింది. దీపాలు, మోటార్లు, స్పీకర్లు, అన్నీ వాడి చేతుల మీదే. తెల్లారకముందే వెళ్ళి ఒక్కో స్తంభం కింద చెవి ఒగ్గి నిలబడి, ఏ స్పీకరు బొంగురుపోయిందో చూసుకునేవాడు. సోమరట. వాడి నిచ్చెన మెట్లు అరిగిపోయి రెండుసార్లు మార్చారు. ఈ రాసినవాడు ఏ నిచ్చెన ఎక్కాడో నాకు చూడాలనుంది.

ఫోన్లో మీ గుంపులోవాళ్ళంతా ఆ పార్కంటే ప్రాణం పెడతారంటావు, టోపీలు పెట్టుకుంటారంటావు, ఏ బండి ఎన్నిసార్లు ఎక్కారో లెక్క రాసుకుంటారంటావు. మంచిదే. మరి అంత ప్రేమ ఉన్నవాళ్ళు ఇలాగా మాట్లాడేది? "ఎకరం జాగాలో ఒక కొలను, ఆరు బాతులు, ఇదా వినోదం" అంటాడొకడు. "నాలుగు నిమిషాల్లో దాటేశాను, అక్కడేం లేదు" అంటుంది ఇంకో అమ్మాయి. ఏం లేదట. దాటేసినదానికి ఏముంటుంది? పెళ్ళిపందిట్లోకి వెనకనుంచి వచ్చి ముందునుంచి వెళ్ళిపోయి, భోజనం లేదన్నట్టుంది. కొలను పూడ్చేసి ఆ పైనుంచి కిందకి విసిరేసే బండి పెడతారట. ఇప్పటికే అలాంటివి తొమ్మిదున్నాయి. తొమ్మిదిసార్లు విసిరేశాక మనిషి ఎక్కడో ఒకచోట కూర్చుని తల పట్టుకోవాలా వద్దా? ఇక మన వైపు మాట్లాడేవాళ్ళు, కొలను ఉంచమనేవాళ్ళు, వాళ్ళ మీదా నాకు కోపంగానే ఉంది, చెప్పేస్తున్నా. "ఆ నిశ్శబ్దం పార్కు యజమాని ముందుచూపు, ఆ మహానుభావుడు కావాలనే అక్కడ పాట పెట్టించలేదు." చదివావుగా నువ్వే. ఆ మహానుభావుడు కొలను దగ్గరికి ఒకే ఒక్కసారి వచ్చాడు, కారు దిగకుండా అద్దం దించి, "ఇక్కడ మ్యూజిక్కేదయ్యా" అన్నాడు. అదీ ముందుచూపు. ఆ ఒక్క ప్రశ్నకి మా మరిది నెత్తిన పదకొండు ఫిర్యాదులు పడ్డాయి. ఇప్పుడెవరో బయటపెట్టారన్నావే, పాత కాగితం ఫొటో, "ఎలక్ట్రీషియను నిర్లక్ష్యం" అని, అది వాటిలో చివరిది. సూపర్‌వైజరు రాత. నాకు తెలుసు ఆ కాగితం. అది వచ్చిన రోజు వాడు దాన్ని మడిచి, ఊగుతున్న మా వంటింటి బల్ల కాలి కింద పెట్టాడు. "చూశావా వదినా, ఇన్నాళ్ళకి ఆఫీసు కాగితం పనికొచ్చింది" అన్నాడు.

ఆ సూపర్‌వైజరు మాటలు వాడు ఎంత బాగా చెప్పేవాడో. ముక్కుతో మాట్లాడేవాడట ఆయన. "ఏమయ్యా, కొలను స్పీకరు పనిచేస్తోందా?" "చేస్తోందండీ." "మరి వినబడదేం?" "కంట్రోలు గదిలో చూడండి, పచ్చదీపం వెలుగుతోందిగా." ఆయన వెళ్ళి చూస్తే వెలుగుతూనే ఉండేది. స్పీకరు పాడైతే ఎర్రదీపం, బాగుంటే పచ్చదీపం. మళ్ళీ వచ్చేవాడు. "పచ్చదీపం సరేనయ్యా, పాటేదీ?" "బాతులు వింటున్నాయండీ, అడగండి." చివరికి పార్కులో వాడికి పేరే పడిపోయింది, పచ్చదీపం అని. "పచ్చదీపం, ఇటు రా", "పచ్చదీపం, ఆ మోటారు చూడు." వాడు అబద్ధమాడలేదు, అది గమనించు. ఈ ఇంట్లో అబద్ధమాడితే నేను అన్నం పెట్టనని వాడికి చిన్నప్పుడే తెలుసు. స్పీకరు నిజంగానే పనిచేస్తోంది. స్తంభం మీద, చేతికందనంత ఎత్తున, ఒక చిన్న ఇనప డబ్బా ఉంటుంది. నాలుగు స్క్రూలు విప్పితే లోపల శబ్దం పెంచే, తగ్గించే నాబు. దాన్ని సున్నా దగ్గర పెట్టి మూత బిగించేశాడు. అంతే. ఆ సంగతి అడిగినవాడు లేడు, వాడు చెప్పనూ లేదు.

ఎందుకు పెట్టాడంటే... ఉండు, చెప్తాను. చెప్పకుండా నలభై ఆరేళ్ళు గడిచాయి, ఇంకో నిమిషం ఆగలేవా.

మీ నాన్న పుట్టకముందు సంగతి. నాకు ఐదో నెల. మీ తాతయ్య క్యాంపు మీద వేరే ఊళ్ళో ఉన్నారు. మా అత్తగారు పొద్దస్తమానం కుట్టుమిషను ముందేసుకుని ఇంతింత చొక్కాలు కుడుతుండేవారు. రెండు రోజులుగా లోపల కదలిక లేదని నేనొక్కదాన్నే ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ గొట్టం కడుపు మీద ఆనించి చాలాసేపు విన్నది. అటు పెట్టి విన్నది, ఇటు పెట్టి విన్నది. తర్వాత గొట్టం మెళ్ళో వేసుకుని, "చప్పుడు లేదమ్మా. రేపు ఇంట్లోవాళ్ళని తీసుకుని రా, ఆలస్యం చెయ్యకు" అన్నది. బయటికొచ్చాను. చేతిలో మరిది కోసం పట్టుకొచ్చిన క్యారేజీ ఉంది. ఇంటికి వెళ్తే మిషను చప్పుడు. అందుకని పార్కుకే వెళ్ళాను, గేటు దగ్గరివాడికి నేను తెలుసు, వదిలేశాడు. కొలను దగ్గర చప్టా మీద కూర్చున్నాం. వాడు అన్నం తింటున్నాడు. నెత్తిమీద స్పీకరు. ఆ పార్కు కుందేలు పాట నీకూ తెలుసుగా, "నవ్వండీ నవ్వండీ, నవ్వితే పోయేదేముంది" అని, అప్పట్లో నాలుగు నిమిషాలకోసారి వేసేవాళ్ళు. నేను చెప్పాను. "ఏంటి వదినా?" అన్నాడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. మళ్ళీ చెప్పాను. "ఆఁ? ఏంటీ?" ఆ మాట మూడోసారి చెప్పడానికి నాకు నోరు రాలేదు తల్లీ. "ఏం లేదు, కూర చప్పగా ఉందేమో అన్నాను" అన్నాను. నా జన్మలో తెలిసి ఆడిన అబద్ధం అదొక్కటే. వాడు నా మొహం చూశాడు, కూర చూశాడు, తినేశాడు.

ఆ రాత్రి ఎలా గడిచిందో దేవుడికి తెలుసు. మర్నాడు మళ్ళీ క్యారేజీ కట్టుకుని వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో, ఇంకెక్కడికి వెళ్ళాలో తెలియక వెళ్ళాను. చప్టా మీద కూర్చున్నాను. ఏదో తేడాగా ఉంది. నీళ్ళలో బాతు కాలు కదిపిన చప్పుడు వినబడుతోంది. ఎండుటాకు ఒకటి రాతి మీద దొర్లిన చప్పుడు. స్తంభం కింద నిచ్చెన ఇంకా తియ్యలేదు. వాడు క్యారేజీ విప్పలేదు. ఎదురుగా నేలమీద కూర్చుని, "ఇప్పుడు చెప్పు వదినా. నిన్నటిది కూర సంగతి కాదు" అన్నాడు.

చెప్పాను. ఒక్కసారికే వినబడింది.

సగం రోజు సెలవడిగి, నన్ను ఆసుపత్రిలో చేర్చి, ఇంటికెళ్ళి మా అత్తగారితో వాడే చెప్పాడు. మిషను మీద గుడ్డ కప్పింది కూడా వాడే. మీ తాతయ్యకి కబురు పంపిందీ వాడే. ఇరవై రెండేళ్ళవాడు, పెళ్ళి కానివాడు, ఆడవాళ్ళ సంగతులు వాడికేం తెలుసు. అయినా చేశాడు. నాకు కాస్త ఒళ్ళు కుదుటపడ్డాక మళ్ళీ కొలను దగ్గరికెళ్తే ఇంకా అలాగే ఉంది, సద్దులేకుండా. నాకు భయమేసింది. "తప్పు కాదూ? ఉప్పు తింటున్నవాళ్ళ పాటని నువ్వు ఆపెయ్యొచ్చా?" అన్నాను. "ఆపలేదు వదినా, వస్తూనే ఉంది. వినబడదంతే. అచ్చం నీ గొంతులా" అన్నాడు. ఇప్పుడైనా పెంచెయ్ అన్నాను. వాడు అటు చూపించాడు. చెట్టు కింద ఒకావిడ పసిపిల్లకి పాలిస్తోంది. అవతలి ఒడ్డున మొగుడూ పెళ్ళాం మెల్లిగా పోట్లాడుకుంటున్నారు. తొమ్మిదిసార్లు విసిరించుకున్న ముసలాయన ఒకడు చెప్పులు విడిచి కాళ్ళు చాపుకున్నాడు. "వీళ్ళలో ఎవరు ఏం చెప్పుకుంటున్నారో మనకేం తెలుసు" అన్నాడు. నేనూ చప్టా మీద కూర్చున్నాను. దేవుడికి దణ్ణం పెట్టుకోవడానికి నాకు అంతకంటే మంచి చోటు దొరకలేదు, నిజంగా. మీ నాన్నకి మొదటి అడుగు పడిందీ ఆ చప్టా పక్కనే.

తర్వాత జరిగింది తెలుసా? ఫోర్‌మ్యాన్ పని వాడికి రావాలి. వాడి దగ్గర పని నేర్చుకున్నవాడికి ఇచ్చారు. ఎందుకూ అంటే ఆ కాగితం, నిర్లక్ష్యం. ఒక్క మాట చెప్తే సరిపోయేది, మా వదినకి ఇలా అయింది, అందుకు తగ్గించాను అని. మొదట్లోనే చెప్పి ఉంటే ఆ సూపర్‌వైజరూ మనిషే కదా, కరిగేవాడేమో. చెప్పలేదు. చెప్తే నా సంగతి నలుగురి నోళ్ళలో పడుతుందని. పదకొండుసార్లు ఆఫీసులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు, పచ్చదీపం వెలుగుతోందిగా అన్నాడు, వచ్చాడు. నేనూ నోరు విప్పలేదు. వాడు నా సంగతి దాస్తున్నాడని తెలిసీ విప్పలేదు. అది నా తప్పు. మా అత్తగారు ఉన్నంతకాలం ఆవిడ బాధపడతారని, తర్వాత, ఇప్పుడెందుకులే అని. వాడు పోయినప్పుడు కూడా ఎవరో అన్నారు, మంచివాడే గాని పనిలో కాస్త బద్ధకస్తుడట అని. విన్నాను. విని ఊరుకున్నాను. ఇవాళ రెండొందల మంది నవ్వుతున్నారు.

ఏంటి, ఆ నిశ్శబ్దానికి యజమాని పేరే ఉంచేద్దామా? అలా అయితేనే కొలను నిలబడుతుందంటావా? పార్కువాళ్ళు "అక్కడి నిశ్శబ్దం మేం అనుకుని పెట్టింది కాదు, అదొక లోపం" అంటున్నారు కాబట్టి, ఈ నిజం చెప్తే వాళ్ళ మాటే నెగ్గుతుందనీ, కొలను ఉంచమని సాయంత్రంలోగా రాసెయ్యాలి గనక ఈ ఒక్క అబద్ధం మంచిదేననీ. నీ తెలివికేం గాని, నేనొకటి చెప్తాను విను. కూర చప్పగా ఉందని నేనాడిందీ మంచి అబద్ధమే. దాని బరువు వాడు మోశాడు. ఇంకొకటి ఎత్తుకోను. ఉన్నదున్నట్టు రాయి. నా ఐదో నెల సంగతి రాయి, డాక్టరమ్మ మాట రాయి, ఏం పరవాలేదు, ఇంక సిగ్గుపడే వయసు దాటిపోయింది. లోపం కాదు, ఒక మనిషి నిచ్చెనెక్కి, నాలుగు స్క్రూలు విప్పి, తన చేత్తో చేసిన పని అని రాయి. సోమరి అన్నవాణ్ణి ఆ స్తంభం ఎక్కి డబ్బా విప్పి నాబు తిప్పి చూడమను. పాట వస్తుంది. పచ్చదీపం వెలుగుతూనే ఉందిగా. అది విన్నాక కూడా కొలను పూడుస్తామంటే పూడ్చుకోనీ. నిజం చెప్పి ఓడిపోయామని నేను దేవుడి ముందు నిలబడగలను. వాడి పేరు తినేసి గెలిచామని మాత్రం నిలబడలేను.

ఎందుకలా కళ్ళు తుడుచుకుంటావు, ఎప్పటి సంగతో. రాయి, నేను చెప్తూ ఉంటాను. వచ్చి మూడు రోజులైంది, ఏమీ సరిగా తినడంలేదు, ఊరికే వచ్చాను నానమ్మా అంటావు, ఆ ఫోను పట్టుకుని కొలను గురించే మాట్లాడుతున్నావు. ఆఁ? ఏంటన్నావు?

ఏంటమ్మా? ఆ టీవీ... మళ్ళీ చెప్పు.

ఏం లేదా?

ఉండు. అక్కడే కూర్చో, లేవకు. మీ తాతయ్య తిడితే తిట్టనీ.

ఊఁ. కట్టేశాను. ఇప్పుడు చెప్పు.