మిషనక్క కుట్టిన నల్లజెండాలు

ఏం చూశావు టీవీలో, చెప్పు. నవ్వడం కాదమ్మడూ, నీ కళ్లతో ఏం చూశావో చెప్పు. ఖాళీ కుర్చీ. అంతేనా? బయటిదేశం అధ్యక్షుడొచ్చాడు, వాడి జైళ్లలో మన కూలీలు మగ్గుతున్నారని మీ ప్రతిపక్ష నాయకుడు విందుకెళ్లలేదు, మీరంతా వీధిలో ఈలలు వేసి వచ్చారు. కూర్చో. ఆ కిటికీ వెయ్యి, దుమ్ము. ఈలలు నేనూ వేశాను, మిషనక్క మీద. నీకు తెలీదులే, నువ్వు పుట్టకముందే పోయింది. నాకంటే చిన్నదే, కానీ ఊరందరికీ అక్క కాబట్టి నాకూ అక్కే. అప్పట్లో మాదీ ప్రతిపక్షమే, ఆవిడే మా పెద్ద దిక్కు. అసెంబ్లీకి గెలిచినా కుట్టుమిషను వదల్లేదు. అర్జీ పట్టుకొచ్చినవాడు గోడు చెప్పుకుంటుంటే తొక్కుతూనే వినేది, వాడు అబద్ధంలోకి దిగగానే మిషను ఆపేది. నేనా, పట్టణ కార్యదర్శిని. మిల్లు సమ్మెలో లాఠీ తిన్నాను, జైలు చూశాను, ఆ రెండూ చెప్పకుండా ఎవర్నీ పలకరించేవాణ్ణి కాదు. కూరలో ఉప్పు తక్కువైందనడానికి కూడా లాఠీ దగ్గర్నుంచే మొదలెడతాడని మీ నానమ్మ అనేది.

సరే, ఎక్కడున్నాం? ఆ, అప్పుడూ ఇలాంటి పెద్దమనిషే వచ్చాడు. వాళ్ల రేవులో సమ్మె చేసినవాళ్లని విచారణ లేకుండా లోపలేసిన ఘనుడు. అందులో అక్క తమ్ముడూ ఉన్నాడు, పని వెతుక్కుంటూ పోయినవాడు. బతికున్నాడో లేదో కబురు లేదు. ప్రభుత్వం మమ్మల్ని కూడా అతిథిగృహంలో తేనీటికి పిలిచింది. మనవాళ్లెవరూ ఆ గడప తొక్కకూడదని నేను బల్ల గుద్ది తీర్మానం పెట్టాను. బల్ల కాలు ఊడింది, తీర్మానం నెగ్గింది. అక్క లేచి, ‘నేను వెళ్తాను అన్నయ్యా’ అంది. ‘వాడి చెయ్యి పట్టుకుంటావా?’ అన్నాను. ‘చెయ్యి పట్టుకోకపోతే చెవి అందదు కదా’ అంది. ఇక నల్లజెండాలు. గుడ్డ దొరక్క పాత గొడుగులు విప్పాం. మరి కుట్టేదెవరు? పార్టీ మొత్తానికి మిషను ఎవరికుంది? సిగ్గు విడిచి ఆవిడ దగ్గరికే వెళ్లాను. మారుమాట లేకుండా కుట్టిచ్చింది. ‘నన్ను తిట్టడానికే కదా, రెండు వరసలు వేశాను, గాలికి చిరగవు’ అంది. పక్కన ఏదో తెల్లగుడ్డ కత్తిరించి ఉంది. అదేంటని అడగలేదు. నాకు అడిగే అలవాటుంటే కదా.

ఆ రోజు గేటు ముందు మేం. అక్క రాగానే ‘ద్రోహి’ అని గొంతు చించుకున్నాను. తలొంచుకోలేదు, జెండాల కుట్లు ఎలా ఉన్నాయో చూసుకుంటూ లోపలికెళ్లింది. వెనకే పెద్దమనిషి కారు. అద్దం దించి మావైపు చెయ్యి ఊపాడు. నవ్వకమ్మడూ. నా చెయ్యి దానంతటదే లేచింది. లాఠీ తిన్న చెయ్యే. ఊపాను. మర్నాడు పేపర్లో నా ఫొటో, కింద ‘అతిథికి పట్టణ ప్రముఖుల స్వాగతం’. జెండా రెండో చేతిలో ఉంది, అది ఫొటోలో పడలేదు. మీ నానమ్మ ఆ పేపరు అలమార అరలో పరిచింది, నేను పైకి కనబడేలా. బట్టలు తీసినప్పుడల్లా స్వాగతం చెబుతూ ఉండేవాణ్ణి.

లోపలి సంగతి అక్కే చెప్పింది, దారం కొరుకుతూ. ‘అయ్యా, మీరంటే నాకు గిట్టదు. బయట జెండాలు కుట్టింది నేనే. మా తమ్ముణ్ణీ, వాడితో ఉన్నవాళ్లనీ వదలండి’ అందట. దుబాసీ నీళ్లు నమిలాడట. ‘ఉన్నదున్నట్టు చెప్పు నాయనా, నీ ఉద్యోగం అదే కదా’ అందట. పెద్దమనిషి చూస్తానన్నాడట. ‘చూడ్డం తర్వాత, ముందు ఇది వాడికి చేర్చండి’ అని ఒక తెల్లచొక్కా చేతిలో పెట్టింది. చిక్కిపోయి ఉంటాడని పక్కకుట్లు లోపలికి వేసి, ఒళ్లు చేస్తే విప్పుకోవడానికి గుడ్డ వదిలిందట. మేం ఆవిణ్ణి పార్టీలోంచి తీసేశాం. తీసేశాం గానీ, బట్టలు ఇంకెవరిచేత కుట్టించుకుంటాం?

వదిలారా అంటావా? లేదు. ఏడాది తిరిగాక ఆ దేశం నుంచి అక్కకి ఒక పొట్లం వచ్చింది. నేను ప్యాంటు బిగుతు చేయించుకోవడానికి వెళ్లి అక్కడే ఉన్నాను. విప్పితే అదే చొక్కా. ‘తిప్పి పంపారు, నేను చెప్పలా?’ అన్నాను. అక్క మిషను ఆపింది. చొక్కా నా ఒళ్లో పెట్టింది. కాలరు అరిగి పీచులేచింది. పక్కకుట్లు విప్పేసి ఉన్నాయి. ‘కాలరు తిప్పి కుట్టి పంపమన్నాడు అన్నయ్యా’ అంది.

ఆ జెండాలు అటకమీదే ఉన్నాయి, ఒక్క కుట్టు ఊడలేదు. కావాలంటే పట్టుకెళ్లు. పట్టుకెళ్లే ముందు ఒకటి చెప్పు. ఆ జైళ్లలో ఉన్న మనవాళ్ల గురించి నీ ఖాళీ కుర్చీ ఏం అడిగింది?