దున్నని మూల

ఫెస్టస్ నిప్పుగూటి దగ్గర టీ తాగుతున్నాడు. ఐర్లండ్‌లో, మేయో జిల్లాలోని తన పొలం మూలన పశువుల కొట్టం కట్టడానికి రేపు తవ్వే యంత్రం రానుంది. తమ్ముడి కూతురు పాత కాగితాల నకళ్ళు బల్లమీద పరిచింది.

“పెద్దనాన్నా, ఆ మూల దేవతల దిబ్బ, తవ్వకూడదు అంటారుగా? భూమి పటంలో లేదే!”

“పటాలవాళ్ళకి చెప్పి కట్టుకుంటారటే దేవతలు? మా నాన్న అక్కడ నాగలి పెట్టబోతే గుర్రం లాటిన్‌లో తిట్టిందట!”

“మరి యంత్రాన్నెందుకు పిలిచావు?”

“దానికి లాటిన్ రాదుగా.”

“ఇది చూడు. నువ్వు పుట్టకముందు, పందొమ్మిది వందల పదకొండు నాటి జనాభా లెక్క. తాతయ్య చేతిరాతే. ‘పుట్టిన పిల్లలు ముగ్గురు, బతికున్నది ఇద్దరు.’”

“చర్చి జ్ఞానస్నానాల పుస్తకంలో అప్పటికి ఇద్దరేగా?”

“మూడో బిడ్డ జ్ఞానస్నానం కాకుండానే పోయిందేమో. అలాంటి బిడ్డల్ని చర్చి సమాధుల్లోకి రానిచ్చేవారు కాదుగా.”

ఫెస్టస్ కప్పు కింద పెట్టాడు.

“అమ్మ ఏటా ఆ మూలకి ఓ తెల్లరాయి పట్టుకెళ్ళేది. దేవతలకనుకుని నవ్వేవాణ్ణి. నాన్న ఆ మూల గురించి జన్మంతా చెప్పింది ఆ గుర్రం కథ ఒక్కటే... యంత్రం వాడికి ఫోన్ చెయ్యి. రావద్దను. అక్కడ మావాళ్ళున్నారని చెప్పు.”

“ఆ బిడ్డ పేరేం చెప్పను, పెద్దనాన్నా?”

“పేరా? చర్చి పెట్టనిస్తేగా, తల్లీ.”