మైకులో మునిస్వామన్న అడిగింది

ఆ టీవీ సౌండు కొంచెం తగ్గించు సంగీతమ్మా. పొద్దన్నించీ అదే గదా. బాంబులు పేలకముందే హెచ్చరిక వచ్చిందంట, గవర్నమెంటు పట్టించుకోలేదంట, కాదు పట్టించుకున్నామంట... ఇంతమంది యాల? అరిసేదానికి మీ తాత ఒక్కడుంటే సాలు. నువ్వు పుట్టకముందే పాయ, నీకేం తెలుసు! మునిస్వామన్న అంటే పుంగనూరు బజారంతా తెలుసు. ఆయనది అపోజిషను. నాది రూలింగు పార్టీ. దినామూ నా కుట్టు మిషను ముందర కుర్చీ ఏసుకోని ఒగటే కొట్లాట. "ఏమప్పా షంషుద్దీనూ, మీ గవర్నమెంటు ఇంగా నిద్ర లెయ్యలేదా?" అని. నేను కుట్టిన కాలరు బాగలేదని తిట్టేది గూడా మళ్లా.

అప్పుడూ ఇట్లనే, ఒగ పెద్ద పట్నంలో బాంబులు పేలినాయి. మా అయాజు జరీ కొనకొచ్చేదానికి ఆడికే పోయుండాడు. పోయినోడు రాలా, ఫోనూ లేదు. బజార్లో ఒగటే గుసగుసలు. "ఆ టైలరు కొడుకు ఆ దినమే యాల పోయినాడు? యాడ దాక్కోనుండాడు?" మా ఇంటామె లాల్ బీ పొయ్యి ముట్టించలేదమ్మా. ఆ పొద్దు బస్టాండు కాడ మీ తాతోళ్ల వార్డు ఎలక్షన్ల మీటింగు. వాళ్ల పార్టీ చంద్రశేఖరు ఆయన చెవిలో, "అన్నా, మైకులో ఆ అయాజు పేరెత్తు, వార్డు మనదే" అన్నాడంట. మీ తాత మైకు ఆడనే పెట్టేసి సక్కగా నా అంగడికొచ్చినాడు. "లెయ్యప్పా, సొక్కా ఏసుకో." యాడికన్నా అంటే, "పిల్లోడు యాడుంటే ఆడికి" అన్నాడు.

బస్సులో నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, "ఇంత జేసినా మాకు ఓటెయ్యవు గదా?" అన్నాడు. ఎయ్యనన్నా అంటే, "సర్లే, ఇడ్లీ తిను" అని పొట్లం చేతిలో పెట్టినాడు. ఆస్పత్రి ఆస్పత్రీ తిరిగినాం. ఒగ వరండాలో, కాలికి కట్టుతో పండుకోనుండాడు నా బిడ్డ. గాజుముక్కలు దిగబడిండాయి. నేను వాని తల నిమురుతా ఆడనే కూర్చున్నా. మీ తాతేమో "మా ఊరి పిల్లోడు, మావోడు" అని నర్సులకంతా సెప్పుకుంటా ఏడిసినాడు.

ఊరికొచ్చినాక మళ్లా మీటింగు పెట్టి, అయాజును స్టేజీ మీద కూర్చోబెట్టినాడు. "సూడండప్పా! హెచ్చరిక వచ్చినా కదలని గవర్నమెంటు మన పిల్లోని కాలు ఇట్ల జేసింది. ఎందుకు కదల్లేదని ఆడ కుర్చీల్లో ఉండేవాళ్లను అడగండి. ఈన్ని యాల అడుగుతారు?" అని. మా పార్టీ రామచంద్ర గూడా తల వంచుకోని ఇన్నాడు. ఆ గుసగుసలు ఆ దినంతో సరి. వార్డు టికెట్టు మాత్రం వాళ్ల పార్టీ ఆయనకియ్యలేదు. "పోనీలేప్పా" అన్నాడు, అంతే.

నా బిడ్డా దక్కినాడు, ఈ ఊళ్లో తలెత్తుకోని తిరిగే బతుకూ దక్కింది. నమాజులో ఆయన పేరు తల్సుకోని దినం లేదమ్మా. ఆయన పోయినప్పుడు మీ నాయనే వచ్చి, "అయాజూ, నువ్వూ ఒగ పక్క పట్టుకో" అని పిలిచినాడు. వద్దని ఒగరు గూడా అన్లేదు. మావోడు మెల్లింగా కుంటుకుంటా పాడె మోస్తాంటే, నేను అంగడి గడప మీద నిలబడుకోని...

ఎండలో యాల కూర్చున్నావు, ఇట్ల లోపలికి జరుగు.